విశ్రాంతుల సంవత్సరం

పాత తెలుగు పుస్తకాలు తిరగవేసేవారికి 'ఉపకార వేతనం' అనే మాట అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఫలానావారు ఇన్ని ఏండ్లు కొలువు చేసి ఉపకార వేతనం పుచ్చుకొని స్వగ్రామం చేరారని వ్రాసి ఉంటుంది. నేటి విద్యార్థి ఆ వాక్యం చదివి తికమకపడటం సహజం. అతడు ఎరిగిన ఉపకార వేతనం వేరు. అది చదువుకొనే పిల్లలకు సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పు. ఆనాడు ఆ మాటకు పింఛను అని కూడా అర్థం. చదువు మొదలుపెట్టినవానికీ, చదువు చెప్పి చెప్పి అలసినవానికీ ఒకే మాట సరిపోయినది. ఇద్దరికీ ఇచ్చేది ఉపకారమే అని, అనగా ఇచ్చేవారి దయ అని, ఆ మాట కూర్చినవారి తలంపు కాబోలు.

పింఛను అనే అర్థంలో ఆ మాట ఇప్పుడు వాడుకలో లేదు. దాని వెనుక ఉన్న తలంపు కూడా పోయినదా అంటే సందేహమే. విశ్వవిద్యాలయాలలో పనిచేసి విరమించినవారి సంఘాలు ఏడాది పొడవునా ఏమి చేస్తున్నవో ఎవరైనా ఓపికతో గమనిస్తే, బయటివారు ఆ సంఘాలను ఎట్లా చూస్తున్నారో, అంతకంటె ముఖ్యంగా ఆ సంఘాలు తమను తాము ఎట్లా చూచుకొంటున్నవో తెలిసివస్తుంది.

సంఘం కార్యస్థానం సాధారణంగా విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఏదో ఒక మూల గది. ఒక బల్ల, పది పన్నెండు కుర్చీలు, తాళం సరిగా పడని ఒక బీరువా, గోడమీద దివంగతులైన పూర్వాధ్యక్షుల ఛాయాచిత్రాలు. ఉదయం పదింటికి ఒక పెద్దమనిషి వచ్చి తలుపు తీస్తారు. ఒకనాడు ఆయన గణితశాఖకు అధిపతి అయి ఉండవచ్చు. ఇప్పుడు సంఘానికి కోశాధికారి. చందా రశీదుల కూడికను రెండుమార్లు సరిచూచుకొంటారు. కొన్ని చోట్ల ఇటువంటి గదులు రెండు ఉంటవి: అధ్యాపకులుగా విరమించినవారికి ఒకటి, తక్కిన ఉద్యోగులకు మరొకటి. ఉద్యోగంలో ఉన్నప్పటి వరుస తేడాలు విరమించిన తరువాత కూడా వదలకపోవటం విచిత్రం.

సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. పంచాంగ శ్రవణం, తరువాత కవిసమ్మేళనం. విశ్రాంతులలో కవులు కానివారు తక్కువ కనుక సమ్మేళనం మధ్యాహ్న భోజనాల వేళ దాటిపోతుంది. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినం. అక్టోబరు 1న, 1990లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన వృద్ధుల దినం. రెంటికీ శాలువలు కప్పటం ఉన్నది. కార్తికమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం. ఏడాదికి ఒకసారి సర్వసభ్య సమావేశం, జమాఖర్చుల పఠనం, ఎన్నికలు. ఇవన్నీ మర్యాదకు జరిగేవి. వీటిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సంఘం ప్రాణం వేరే చోట్ల ఉన్నది.

మొదటిది జీవిత ధ్రువపత్రం. పింఛను పుచ్చుకొనేవారు తాము బ్రతికి ఉన్నట్లు ఏటా ఒకసారి రుజువు చూపాలి. కేంద్రప్రభుత్వపు పింఛనుదారులకు ఇది నవంబరు నెల. తక్కినవారికి వారి వారి కార్యాలయం నిర్ణయించిన నెల. ఆ నెల వచ్చినదంటే సంఘం గదిలో కుర్చీలు చాలవు. పూర్వం గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే సరిపోయేది. 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' అనే పేరుతో యంత్రం ద్వారా రుజువు చేసే పద్ధతిని కేంద్రం ప్రవేశపెట్టినది. వేలు యంత్రం మీద పెడితే ఆధార్ లెక్కలతో పోల్చి చూచుకొంటుంది. వయస్సు మీరినకొద్దీ వేలిగీతలు అరిగిపోవటం ప్రకృతిధర్మం. మనిషి ఎదుటనే కూర్చుండి ఉంటాడు, మాట్లాడుతూ ఉంటాడు, కాఫీ త్రాగుతూ ఉంటాడు. యంత్రం మాత్రం ఒప్పుకోదు. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే తడిగుడ్డతో తుడిచి మరొక వేలు. 2021లో ముఖాన్ని చూచి గుర్తించే ఏర్పాటు వచ్చిన తరువాత కొంత తెరిపి కలిగినది. అప్పటికీ మంచం దిగలేనివారి ఇండ్లకు చరవాణి పట్టుకొని వెళ్లి ఆ పని ముగించి వచ్చేది సంఘం కార్యదర్శే. ఆయన వయస్సు డెబ్బది దాటి ఉంటుంది.

ఈ గదికి వచ్చేవారిలో కుటుంబ పింఛను పొందే స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. భర్త ఉన్ననాళ్లు జీతమెంతో, పింఛనెంతో, ఏ బ్యాంకులో ఏ ఖాతా ఉన్నదో చాలామందికి తెలియదు. తెలియనివ్వలేదు అనటం న్యాయం. భర్త పోయిన పదిహేనవనాడు కాగితాల సంచి ఒకటి పట్టుకొని ఆమె సంఘానికి వస్తుంది. సర్వీసు పుస్తకంలో ఆమె పేరు ఒక తీరు, ఆధార్‌లో మరొక తీరు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక. పుట్టిన తేదీ ఎక్కడా లేదు. ఆ చిక్కులు విడదీసి, ఆమె పేర మొదటి నెల సొమ్ము పడేదాకా వెంట తిరిగేవారు ఈ సంఘంవారే. ఈ పనికి జీతం లేదు, పత్రికలలో వార్త రాదు. ఊరిలో జరిగే ఎన్నో సన్మాన సభలకంటె ఇది ఎంతో ఘనమైన పని. కాని అదే స్త్రీ సర్వసభ్య సమావేశంలో వెనుక వరుసలో కూర్చుంటుంది. కార్యవర్గం ఎన్నికలప్పుడు ఆమె పేరు ఎవరికీ తోచదు.

రెండవది అర్జీ. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో పింఛను ఖజానా నుంచి నేరుగా రాదు. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులో నుంచి విశ్వవిద్యాలయమే చెల్లించాలి. గ్రాంటు ఆలస్యమైతే పింఛనూ ఆలస్యమే. కనుక కరువు భత్యం బకాయి, వైద్య ఖర్చుల వాపసు, పదవీ విరమణనాడు రావలసిన మొత్తం—వీటిని గురించి ఏడాదిలో ఎన్ని అర్జీలు వెళ్తవో లెక్కలేదు. ఈ అర్జీలను చూచి నవ్వేవారు ఉన్నారు. ఇంత చదివినవారు ఎప్పుడూ డబ్బు గొడవేనా అని యువకులు అంటారు. ఈ ఎకసక్కెం తప్పు. 'ఉపకార వేతనం' అనే పాతమాట ఇంకా వారి నోట మెదలుతున్నదన్నమాట.

పింఛను దయాధర్మం కాదని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పి నాలుగు దశాబ్దాలు దాటినది. 1979లో కేంద్రప్రభుత్వం పింఛను లెక్కకట్టే విధానాన్ని ఉదారం చేస్తూ, ఆ ఏడు మార్చి 31న గాని, ఆ తరువాత గాని విరమించినవారికే అది వర్తిస్తుందన్నది. ఒక్కరోజు ముందు విరమించినవారైనా సరే పాత లెక్కతోనే సరిపెట్టుకోవాలి. రక్షణశాఖలో ఆర్థిక సలహాదారుగా ఉండి 1972లో విరమించిన డి.ఎస్. నకారా దీనిపై న్యాయస్థానానికి వెళ్లారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పినది. జస్టిస్ డి.ఎ. దేశాయి వ్రాసిన ఆ తీర్పు సారం ఇది: పింఛను యజమాని ఇష్టాన్నిబట్టి విసిరే బహుమానం కాదు, చేసిన సేవకు రావలసినది, ఒక తేదీ దగ్గర గీత గీసి ఒకే తరగతి మనుషులను రెండుగా చీల్చటం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధం. ఆ వ్యాజ్యంలో మూడవ అర్జీదారు వ్యక్తి కాదు, రిజిస్టరయిన ఒక సంఘం. సంఘానికి ఇందులో మాట్లాడే హక్కు ఉన్నదని కూడా న్యాయస్థానం అంగీకరించినది. డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకోవటం అందుకే. కనుక అర్జీ పట్టుకొని మెట్లెక్కే వృద్ధుడు యాచకుడు కాడు. తన పాత బాకీ వసూలుకు వచ్చినవాడు.

ఇంతవరకు సంఘాల పక్షం. ఇక సంఘాలు వినవలసినది కూడా ఉన్నది.

నెలనెలా కార్యవర్గ సమావేశంలో మొదటి అంశం సంతాప తీర్మానం. రెండు నిమిషాలు మౌనం. ఫలానా శాఖలో ముప్పది రెండేండ్లు పనిచేశారు, సౌమ్యులు, విద్యార్థి ప్రియులు, వారి ఆత్మకు శాంతి కలుగుగాక అని మినిట్సు పుస్తకంలో రెండు వరుసలు. రెండవ అంశం కరువు భత్యం. ఆ రెండు వరుసలు చదివినవారికి పోయినవారు ఎవరో తెలియదు. తూర్పు కనుమలలో ఇరవై ఏండ్లు కాలినడకన తిరిగి ఏ కొండలో ఏ రాయి ఉన్నదో ఎరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుడికీ, పల్లెపడుచుల నాట్ల పాటలు పది నోటు పుస్తకాలలో ఎక్కించుకొన్న తెలుగు పండితునికీ, చరిత్రశాఖలో శాసనాల నకళ్లు ఎత్తినవానికీ ఒకే తీర్మానం. పేరు మాత్రం మారుతుంది.

మినిట్సు పుస్తకంలో లేనిది ఇంట్లో కొంత ఉంటుంది. అదీ ఎక్కువ కాలం ఉండదు. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. వారు కర్మలకు వచ్చి, సెలవు ముగిసేలోగా ఇల్లు ఖాళీచేయాలి. రెండు గదుల నిండా పుస్తకాలు, కార్డులు, చేతివ్రాత కాగితాలు. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి కబురు చేస్తే అక్కడ చోటు లేదనే సమాధానం రావచ్చు. పిల్లలను తప్పుపట్టి లాభంలేదు. వారు మాత్రం ఏమి చేస్తారు? నాలుగవనాడు పాత కాగితాలు కొనేవాడి బండి వస్తుంది. నాట్ల పాటల నోటు పుస్తకాలు వార్తాపత్రికలతో కలిసి తూకానికి వెళ్తవి.

విరమణతో విద్వాంసుని పని ముగిసిపోతుందన్న భ్రమ దీనికి మూలం. తెలుగు భాషకు సంబంధించినంతవరకు ఈ భ్రమను చరిత్ర ఎన్నడో త్రోసివేసినది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయత్వం నుంచి విరమించినది 1911లో. వాడుకభాష కొరకు ఆయన చేసిన పోరాటంలో చాలాభాగం ఆ తరువాతిదే. 'తెలుగు' పత్రిక నడిపినది 1919లో. సవర భాషపై ఆయన గ్రంథం వెలువడినది 1931లో. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, ఆయన డెబ్బదియైదవ ఏట. ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషాదినం జరుపుతున్నారు. ఆ రోజున పిల్లలకు చెప్పే మాటలలో ఇది కూడా ఒకటి కావాలి: పంతులుగారు విశ్రాంతి తీసుకొని ఉంటే ఆ పండుగ ఉండేది కాదు. మన కాలంలోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్ష పదవి నుంచి 1993లో దిగారు. ద్రావిడ భాషలను గురించిన ఆయన మహాగ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2003లో ప్రకటించినది. విరమణకూ ఆ గ్రంథానికీ నడుమ పదేండ్లు.

అందరూ గిడుగులు, భద్రిరాజులు కాగలరా అని ఎవరైనా అడగవచ్చు. కానక్కరలేదు. వారి స్థాయి వేరు. కాని వారు చేసిన పని తీరు అందరికీ అందుబాటులోనిదే. వారు పదవి వదిలారు, పనిని వదలలేదు. ఈ రెంటికీ తేడా తెలియకనే మరొక అపార్థం పుట్టినది. వృద్ధులు కుర్చీలు ఖాళీచేయరని, కమిటీలలో తిష్ఠవేస్తారని యువకుల ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. విరమణ వయస్సు పాలకుల కలం కదలికనుబట్టి జరుగుతూ వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రభుత్వోద్యోగులకు దానిని 58 నుంచి 55కు దించారు. తరువాత మళ్లీ 58 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయినది. తెలంగాణలో 2025లో విశ్వవిద్యాలయాల అధ్యాపకులకు 60 నుంచి 65కు పెంచారు. కొలువు కొరకు ఎదురుచూచే పరిశోధకులకు అది రుచించకపోవటంలో వింత లేదు. విశ్రాంతులు అడగవలసినది కుర్చీ కాదు. కుర్చీ అడిగితే యువకుని నోటి ముందరి అన్నం లాగుకొన్నట్లు అవుతుంది. గ్రంథాలయంలో ఒక బల్ల, వారానికి ఒక సాయంకాలం, వినటానికి పదిమంది విద్యార్థులు—ఇవి అడగవచ్చు. వీటివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు.

కాని సంఘాల అర్జీలలో ఈ కోరిక కనబడటం అరుదు. రావలసినవాటి జాబితా ఏటా పెరుగుతున్నది. ఇవ్వగలిగినవాటి జాబితా వ్రాసిన సంఘాన్ని వెదకవలసి ఉన్నది. తాము తీసుకొనేవారమే గాని ఇచ్చేవారము కామని విశ్రాంతులు తమకు తామే ఒప్పుకొన్నట్లు ఉన్నది. ఉపకార వేతనం నాటి తలంపు పాలకుల మనస్సులో నిలిచి ఉండటం ఒక ఎత్తు. దానిని కాదని న్యాయస్థానంలో గెలిచినవారి మనస్సులో కూడా అది ఒక మూల కూర్చుని ఉండటం మరొక ఎత్తు.

ఆలస్యం చేయటానికి వ్యవధి లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరి, యుద్ధకాలంలో గుంటూరుకు తరలి, మళ్లీ వాల్తేరు వచ్చినది. 2026తో దానికి నూరేండ్లు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఉన్నది 1949 వరకు. ఆనాడు ఇరవై ఏండ్ల విద్యార్థిగా ఆయన ప్రసంగం విన్నవాని వయస్సు ఇప్పుడు తొంబదియైదు దాటుతుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడి, భౌతిక రసాయన శాస్త్రాలనూ వైద్యాన్నీ సైతం ఉర్దూలో బోధించినది. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమా అన్న వాదం నేటికీ తెగలేదు. ఆ తరగతులలో కూర్చుని చదివినవారి అనుభవం ఇందుకు ఎంతో పనికివచ్చేది. 1948 తరువాత అక్కడ బోధనాభాష ఇంగ్లీషు అయినది కనుక, ఉర్దూలో చదివినవారిలో మిగిలినవారు కూడా నూరేండ్లకు దగ్గరపడినవారే. 2017లో ఆ విశ్వవిద్యాలయం శతాబ్ది ఉత్సవం జరుపుకొన్నది. ఉత్సవాలకు వేదికలు, తోరణాలు, స్మారక సంచికలు ఎక్కడైనా ఉంటవి. విశ్రాంతుల ఎదుట ఒక విద్యార్థిని కాగితం కలంతో కూర్చుండబెట్టటం వాటన్నిటికంటె చవుక.

కాగితం కలం పట్టుకొన్న ఆ విద్యార్థి ఆచార్యుల వద్దనే ఆగిపోరాదు. వనభోజనంలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవటం వింటే ఆ సంగతి తెలుస్తుంది. విశ్రాంతాచార్యులొకరు ఏదో పాత నిఘంటువు గురించి ప్రస్తావిస్తారు. "అది మూడో బీరువాలో కింది అరలో ఉండేదండి మాస్టారూ. అట్ట ఊడిపోతే నేనే కుట్టించాను" అంటాడు గ్రంథాలయంలో అటెండరుగా చేసిన ముసలివాడు. "అవునయ్యా, నీకు బాగా జ్ఞాపకమే" అంటారు ఆచార్యులు. ఏ పుస్తకం ఎప్పుడు వచ్చినదో, ఎవరు తీసుకొని తిరిగి ఇవ్వలేదో, ఏ వానకాలంలో ఏ అర తడిసినదో ఆ ముసలివానికి తెలిసినంతగా ఏ జాబితాకూ తెలియదు. ప్రయోగశాలలో గాజుపాత్రలు కడిగినవాడు, పరీక్షల విభాగంలో కట్టలు కట్టినవాడు, తోటమాలి—వీరిని మరొక గదిలో కూర్చుండబెట్టి విశ్వవిద్యాలయ చరిత్ర వ్రాస్తే అది సగం చరిత్ర. ఆ రెండు గదుల నడిమి గోడ తీసివేయటం సంఘాలవారి చేతిలోనే ఉన్నది. కుటుంబ పింఛను పొందే ఒక స్త్రీని కార్యవర్గంలో కూర్చుండబెట్టటం కూడా అంతే. కాగితాల చిక్కులలో నలిగినవారికి తెలిసిన విషయాలు ఇతరులకు ఊహకైనా అందవు.

ముందు ముందు సంఘాలకు సభ్యులు కూడా తగ్గుతారు. 2004 సెప్టెంబరు 1 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరినవారికి పాత పద్ధతి పింఛను లేదు. జీతంలో కోత పెట్టి కూడబెట్టిన నిధినిబట్టి వచ్చేదే వారికి దిక్కు. ఇక ఒప్పందం మీద ఇరవై ఏండ్లు పాఠాలు చెప్పినవారికి అదీ లేదు. వారు ఏ రిజిస్టరులోకీ ఎక్కకుండానే వెళ్లిపోతారు. వారికి సంఘంలో సభ్యత్వం ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న ఏ సర్వసభ్య సమావేశంలోనైనా చర్చకు వస్తే బాగుండును. నకారా తీర్పు చీల్చరాదన్న గీతలలో ఇది కూడా ఒకటి కాదా అని తర్కించటానికి విశ్రాంతులలో న్యాయశాస్త్రం చెప్పినవారు కొందరైనా ఉండకపోరు.

బడులలో ఉన్న ఉపాధ్యాయులకు కూడా ఇందులో పని ఉన్నది. ఊరిలో విశ్రాంతులైన భౌతికశాస్త్రాచార్యులు ఉంటే, ఆయన వద్దకు పదవ తరగతి పిల్లలను ఒక శనివారం తీసుకొనివెళ్లటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పిలిస్తే ఆయనే బడికి వస్తారు. పిలవటం లేదు కనుక రావటం లేదు.

కార్యవర్గ సమావేశపు అంశాలలో మొదటిది సంతాపం, రెండవది బకాయి. మూడవ అంశంగా ఒక సభ్యుడు అరగంటసేపు తాను చేసిన పనిని గురించి చెప్పటం, ఒక విద్యార్థి వ్రాసుకోవటం పెట్టుకోవచ్చు. నెలకు ఒకరు చొప్పున ఏడాదికి పన్నెండుగురు. సభ్యులు తమ పుస్తకాలు ఏమి కావాలో ముందే ఒక కాగితం మీద వ్రాసి ఇస్తే ఆ కాగితాన్నీ దీనితోపాటు భద్రపరచవచ్చు. ఆర్థికశాఖ ఆమోదం, ప్రభుత్వ ఉత్తర్వు ఇందుకు అవసరం లేదు. గదిలోని బీరువాకు మాత్రం మంచి తాళం ఒకటి వేయించాలి.